నొప్పిని దాచుకునే కుందేలు గురించి మేనకోడలికి ఉత్తరం

గన్నవరం

అమ్మడూ,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న రాత్రి పదిన్నరకి నువ్వు ఫోన్ చేసి, "అత్తయ్యా, మా కుందేలు మల్లి పొద్దుట్నుంచీ మూల కూర్చుని కదలట్లేదు, ఏమీ తినట్లేదు, మనం జ్వరానికి వేసుకునే బిళ్ళ పావు ముక్క నీళ్ళలో కలిపి పట్టొచ్చా?" అని అడిగావు. వద్దు, ఉన్నపళాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అన్నాను. మీరు మారు మాట్లాడకుండా వెళ్ళారు. ఇవాళ పొద్దున అది రెండు రెమ్మలు కొత్తిమీర కొరికిందని నువ్వు చెప్పాక నా ప్రాణం కుదుటపడింది. ఫోన్‌లో హడావిడిగా చెప్పిన మాటలు గుర్తుండవు. పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు పైగా పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లో కుందేళ్ళను పెంచుతూ నేను నేర్చుకున్నది నీకు పనికొచ్చేలా రాసి పెడుతున్నాను. మీ ఆయనా బాబూ కూడా ఒకసారి చదవాలి. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు దాన్ని కనిపెట్టుకుని ఉండేది వాళ్ళే కదా.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకో, మిగతావన్నీ దాన్నిబట్టే వస్తాయి. మనకి కాలు బెణికితే కాలే నొప్పి. అన్నం తింటాం, పడుకుంటాం, రెండ్రోజుల్లో తగ్గుతుంది. కుందేలుకి అలా కాదు. ఎక్కడ నొప్పి పుట్టినా అది తినడం మానేస్తుంది. తినడం మానేస్తే పేగు కదలిక మందగిస్తుంది. పేగు మందగిస్తే గ్యాస్ పట్టి కడుపు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుతో ఇంకా నొప్పి, ఆ నొప్పితో ఇంకా తినదు. పంటి నొప్పితో మొదలైనది కూడా రెండు రోజుల్లో ప్రాణం మీదకి వస్తుంది. డాక్టర్లు దీన్ని స్టేసిస్ అంటారు. అందుకే కుందేలుకి నొప్పి తగ్గించే మందు అనేది సుఖం కోసం ఇచ్చేది కాదు, బతికించడానికి ఇచ్చేది. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. గినీ పిగ్‌కీ ఇదే లెక్క.

మరి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది? కుక్క అరుస్తుంది, పిల్లి మూలుగుతుంది. కుందేలు నోరెత్తదు. గద్దకీ నక్కకీ ఆహారమయ్యే జాతి అది, బలహీనంగా ఉన్నానని బయటపడితే ముందు దాన్నే పట్టుకుపోతాయి. అందుకని నొప్పిని దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. నువ్వు గదిలోకి అడుగుపెట్టగానే చెవులు నిక్కబొడిచి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోన్ కెమెరా ఆన్ చేసి పంజరం ఎదురుగా పెట్టి పక్కగదిలోకి వెళ్ళు, పావుగంట తర్వాత వచ్చి చూడు. నిజం అందులో కనిపిస్తుంది.

మా చుక్క సంగతి చెప్తాను. నల్లటి ఒంటిమీద నుదుట తెల్ల చుక్క ఉండేది, అందుకే ఆ పేరు. ఒక చలికాలం పొద్దున గరిక వేస్తే పరుగున వచ్చింది. ఒక పరక నోట పట్టుకుంది. రెండుసార్లు నమిలి ఆగిపోయింది. పరక నోట్లోంచి జారి కింద పడింది. దాన్నే మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. మూడోసారి ముక్కు ఆనించి వాసన చూసి పక్కకి జరిగి కూర్చుంది. ఆకలి లేని జంతువు పరుగున రాదు. ఆకలి ఉంది, నమలలేకపోతోంది. గడ్డం కింద వేలు పెట్టి చూస్తే తడి. ముందు రెండు రోజులుగా పాత్రలో దాణా గుళికలు మిగులుతున్నాయని నాకు తెలుసు, చలికి తినట్లేదులే అనుకున్నాను. అన్నేళ్ళు పశువులతో గడిపిన నాకే మూడు రోజులు పట్టింది ఆ తడి గడ్డం కనపడటానికి. కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్ళి మత్తు ఇచ్చి నోరు తెరిచి చూపిస్తే, కింది దవడపన్ను ఒకటి ముల్లులా పెరిగి నాలుకని కోస్తోంది. దాన్ని అరగదీసి, నొప్పికి మందు ఇచ్చి పంపారు. సాయంత్రానికి తనంతట తానే తిన్నది.

కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్ళయితే వారానికి రెండు మిల్లీమీటర్ల పైనే. గడ్డి బాగా నమిలితేనే అరుగుతాయి. నువ్వు కొనే దిగుమతి గడ్డి ఖరీదెక్కువని గుళికల మీద నెట్టుకొస్తున్నావని నాకు తెలుసు. గరిక కోసి నీడలో ఆరబెట్టి వాడుకో, చాలా మంచిది. రోడ్డు పక్కదీ, పురుగుమందు పడ్డదీ కాకూడదు, అంతే. లేత జొన్న మాత్రం పెట్టకు, అందులో నాము అనే విషం ఉంటుంది, ఆ సంగతి మన రైతులందరికీ తెలిసిందే.

నొప్పి గుర్తుపట్టడానికి ముఖం చూడటం ఒక పద్ధతి. 2012లో ఇంగ్లండులో పరిశోధకులు కుందేలు ముఖంలో ఐదు గుర్తులు తేల్చారు. కళ్ళు సగం మూసి చికిలించడం, బుగ్గల గుండ్రదనం పోయి చప్పబడటం, ముక్కు కింది భాగం కోసుగా లాగినట్టు ఉండటం, మీసాలు వంపు పోయి బిగుసుకోవడం, చెవులు గొట్టంలా ముడుచుకుని వెనక్కి వీపుకి ఆనడం. ఒక్కటే కనబడితే అది కునుకు తీస్తోందేమో. రెండు మూడు కలిసి కనబడితే అనుమానించు. మల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎదురుగా, పక్కనుంచి రెండు ఫోటోలు తీసి పెట్టుకో. పోల్చడానికి దాని ముఖాన్ని మించిన కొలత లేదు.

పళ్ళు నూరే చప్పుడు ఇంకొకటి. నువ్వు తల నిమురుతుంటే సన్నగా, మెల్లగా టకటకమనేది సంతోషం. ఒంటరిగా ముడుచుకుని కూర్చుని పైకి వినపడేలా పరపరా నూరుతుంటే అది నొప్పి. పొట్ట నేలకి ఆనించి సాగదీయడం, లేచి చోటు మార్చి మళ్ళీ సాగదీయడం చూస్తే కడుపునొప్పి అనుకో. పెంటికలు రోజూ చూడు. గుండ్రంగా, ఒకే సైజులో, గడ్డి నారతో ఉండాలి. చిన్నవై, గట్టిపడి, వెంట్రుకలతో పూసల్లా గుచ్చుకుని వస్తుంటే పేగు నెమ్మదిస్తోందన్నమాట. కుందేలు వెనక భాగం మురికిగా ఉంటే కూడా ఆలోచించాలి. రాత్రిపూట వేసే మెత్తటి పెంటికలని కుందేలు వంగి నేరుగా తినేస్తుంది. నడుమో మోకాలో నొప్పి పుడితే వంగలేదు, అవి అంటుకుపోతాయి. ముసలి కుందేళ్ళలో కీళ్ళ నొప్పులు ఎక్కువగా ఇలాగే బయటపడతాయి.

ఇక మందుల సంగతి. నువ్వు అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మన ఇంట్లో మందుల డబ్బాలో ఉన్నదేదీ దానికి వేయకూడదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్, యాస్పిరిన్, అవి కలిపిన బిళ్ళలు, ఏవీ వద్దు. మన బిళ్ళ యాభై, అరవై కిలోల మనిషికి తయారైనది. పావు ముక్క అనేది కంటికి చిన్నగా కనిపిస్తుంది కానీ రెండు కిలోల జీవానికి అది పెద్ద మోతాదు. వీటిలో చాలావాటితో కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పికి రాసుకునే బామ్‌లూ జెల్‌లూ పసుపు లేపనాలూ కూడా అంతే. కుందేలు ఒంటిని నాక్కుంటూనే ఉంటుంది, ఒంటికి రాసినదంతా చివరికి కడుపులోకే పోతుంది.

డాక్టర్లు కుందేళ్ళకి ఎక్కువగా వాడేది మెలాక్సికామ్. వాపునీ నొప్పినీ తగ్గిస్తుంది, రోజుకొకసారి నోట్లో పోయొచ్చు, రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి చాలా కుందేళ్ళు ఇష్టంగానే తాగుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కుక్కకి దీని రోజువారీ మోతాదు కిలోకి 0.1 మిల్లీగ్రాము. కుందేలు ఒళ్ళు ఈ మందుని చాలా తొందరగా ఖర్చుచేసేస్తుంది, అందుకని దానికి కిలోకి 0.3 నుంచి 1 మిల్లీగ్రాము దాకా వాడతారు. కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసే డాక్టరు జాగ్రత్తకోసం కుక్క మోతాదే ఇస్తే కుందేలుకి నొప్పి తగ్గదు, మందు పనిచేయలేదనుకుంటాం. ఈ అంకెలు నువ్వు సొంతంగా పోయడానికి రాయలేదు, డాక్టరుగారితో మర్యాదగా మాట్లాడటానికి రాశాను. "కుందేళ్ళకి మోతాదు ఎక్కువ ఉంటుందటగా సార్" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో జాగ్రత్త సీసా గురించి. మెలాక్సికామ్ సిరప్ ఒక సీసాలో మిల్లీలీటరుకి 0.5 మిల్లీగ్రాములు ఉంటుంది, ఇంకో దాంట్లో 1.5 ఉంటుంది. అంటే అదే అర మిల్లీలీటరు ఒక సీసాలోంచి తీస్తే 0.25, రెండో దాంట్లోంచి తీస్తే 0.75 మిల్లీగ్రాములు. మూడు రెట్లు తేడా. పాత సీసా అయిపోయి కొత్తది కొన్నప్పుడు అందరూ పొరబడేది ఇక్కడే. చీటీ మీద ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఒక్కటే కాదు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది కూడా రాయించుకో.

నీళ్ళు తాగక ఒళ్ళు ఎండిపోయిన జంతువుకి ఈ మందు మూత్రపిండాలకి ప్రమాదం. అందుకే మల్లికి మొన్న ముందు చర్మం కింద సెలైన్ ఎక్కించి తర్వాత మందు ఇచ్చారు. అదే సరైన పద్ధతి. దీంతోపాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అస్సలు కలపకూడదు. అసలు కుందేలుకి స్టెరాయిడ్ ఇస్తామంటే, ఎందుకని ఒకటికి రెండుసార్లు అడుగు. వీటికి ఆ మందుతో రోగనిరోధక శక్తి తొందరగా పడిపోతుంది, లోపల అణిగి ఉన్న జలుబు, చీము లాంటివి పైకి తేలుతాయి.

ఆపరేషన్, ఎముక విరగడం, కడుపు ఉబ్బు లాంటి పెద్ద నొప్పులకి మెలాక్సికామ్ ఒక్కటీ చాలదు. బ్యూప్రెనార్ఫిన్ అనే ఇంజెక్షన్ ఉంది, నల్లమందు జాతి మందు. ఆరేడు గంటలు నొప్పి తెలియనివ్వదు. అయితే ఇది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, అన్ని క్లినిక్‌లలోనూ ఉండదు. ట్రామడాల్‌ని కూడా 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. అందుకని ఆపరేషన్‌కి తేదీ ఖాయం చేసుకునే ముందే, "నొప్పికి ఏం ఇస్తారు, అది మీ దగ్గర ఉందా?" అని ఫోన్‌లో కనుక్కో. కోత పెట్టే చోట మత్తు సూది కూడా వేస్తారా అని అడుగు. నొప్పి మొదలయ్యాక ఇచ్చేదానికంటే కోతకి ముందే ఇచ్చిన మందు బాగా పనిచేస్తుంది.

మల్లికి గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించాలా వద్దా అని ఆర్నెల్లుగా తర్జనభర్జన పడుతున్నావు. చేయించు. ఆపరేషన్ చేయని ఆడకుందేళ్ళకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. ఈ ఆపరేషన్‌ని నొప్పి అనుకుని వాయిదా వేస్తే ముందుముందు అంతకు పదింతల నొప్పి చూడాలి. ఇప్పుడు పేగు పూర్తిగా కుదుటపడి, బరువు నిలబడ్డాక, ఓ నెల ఆగి చేయించు. కుందేళ్ళకి మత్తు ఇవ్వడం అలవాటున్న చేతికే అప్పగించు. మీకు దగ్గరలో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది, ముందు అక్కడ కనుక్కో. ఇంకో మాట. "రాత్రినుంచీ ఏమీ పెట్టకండి" అని ఎవరైనా అంటే అది కుక్కల లెక్క. కుందేలుకి వాంతి చేసుకోవడం చేతకాదు, కడుపు మాడ్చాల్సిన పని లేదు, మాడిస్తేనే ప్రమాదం. దానికి అలవాటైన గడ్డీ కొత్తిమీరా డబ్బాలో పెట్టి వెంట తీసుకెళ్ళు, మత్తు దిగగానే ముక్కు దగ్గర పెట్టమని చెప్పు.

యాంటీబయాటిక్ గురించి రాయకుండా ఉండలేను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాడు చొక్కాలో పెట్టుకుని తెల్ల కుందేలుని తెచ్చాడు. కాలికి కుక్క కరిచిన గాయం. శుభ్రం చేసి కట్టుకట్టి, చీము పట్టకుండా నోట్లో పోయమని యాంపిసిలిన్ ఇచ్చాను. కుక్కకి, దూడకి అప్పటికి వందలసార్లు ఇచ్చిన మందే. నాలుగో రోజు ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చాడు. గాయం మానుతోంది, కుందేలు విరోచనాలతో చేతుల్లోనే వేలాడుతోంది. ఆ సాయంత్రమే పోయింది. కుందేలు పేగులో మంచి సూక్ష్మజీవులుంటాయి, గడ్డి అరిగేది వాటివల్లే. నోటిద్వారా ఇచ్చిన పెన్సిలిన్ జాతి మందులు వాటిని చంపేస్తాయి, విషం పుట్టించే జీవులు ఆ చోటు ఆక్రమిస్తాయి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్ నోటిద్వారా కుందేలుకి గానీ గినీ పిగ్‌కి గానీ హ్యామ్‌స్టర్‌కి గానీ ఇవ్వకూడదు. కుందేలుకి పెన్సిలిన్ ఇంజెక్షన్‌గా వాడే సందర్భాలున్నాయి, అది డాక్టరు పని. గినీ పిగ్‌కి అదీ వద్దు. ఆ పిల్లవాడి చొక్కా జేబు దగ్గర రక్తపు మరక నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఎవరి ఇంట్లోనైనా కుందేలు ఉందని తెలిస్తే నేను ముందు చెప్పే మాట ఇదే.

పెట్ షాపులో సలహాలు అడక్కు. పిల్లల సిరప్ రెండు చుక్కలు పోయండి, మేము పదేళ్ళుగా పోస్తున్నాం అంటారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వాళ్ళతో వాదన పెట్టుకోకు, గడ్డి కొనుక్కుని వచ్చెయ్.

డైక్లోఫెనాక్ గురించి ఒక సంగతి బాబుకి చెప్పు, వాడికి పక్షులంటే ఇష్టం కదా. ఈ మందు పడిన పశువు చచ్చిపోతే ఆ కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. అందుకే మన దేశంలో పశువులకి దాన్ని 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లని 2023లో, ఆ తర్వాత నిమెసులైడ్‌నీ ఆపేశారు. రాబందులకి హాని చేయదని తేలిన మందుల్లో మన మెలాక్సికామ్ ముఖ్యమైనది. ఎవరైనా పాత సీసా తీసి డైక్లోఫెనాక్ సూది వేస్తానంటే మల్లి కోసమే కాదు, వాటి కోసం కూడా వద్దను.

మందు కాకుండా నీ చేతుల్లో ఉన్నవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం తినిపించడం. డాక్టరు పొట్ట తడిమి చూసి అడ్డమేమీ లేదు, తినిపించొచ్చు అంటేనే చెయ్యి. గుళికలని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, సూది తీసేసిన సిరంజిలో నింపు. మల్లిని తువ్వాలులో చంటిపిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకో. ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది, పక్కనుంచి అక్కడ సిరంజి మొన పెట్టి అర మిల్లీలీటరు చొప్పున వదులు. నమిలి మింగాక మళ్ళీ. తల పైకెత్తి పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొట్ట డప్పులా బిగిసి ఉంటే తినిపించే ప్రయత్నం చేయకు, నొక్కి మర్దనా అసలే చేయకు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళు. అది అడ్డం పడిన పేగు కావచ్చు. పసిపిల్లల గ్యాస్ చుక్కల సంగతి కూడా డాక్టరుని అడిగాకే. వాటిలో సోంపు నూనె లాంటివి ఏవేవో కలిపి ఉంటాయి.

వెచ్చదనం సంగతి మన ఊళ్ళలో అర్థం చేసుకోవడం కష్టం. ఆరోగ్యంగా ఉన్న కుందేలుకి ఎండ శత్రువు. మేలో నీళ్ళసీసా ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తువ్వాలు చుట్టి పంజరంలో పెట్టాలి. జబ్బుతో నొప్పితో ఉన్న కుందేలు మాత్రం తొందరగా చల్లబడిపోతుంది. దాని మామూలు వేడి 38.5 నుంచి 40 డిగ్రీల మధ్య, మనకంటే ఎక్కువ. చెవులు ముట్టుకుంటే మంచులా ఉంటే ఫ్యాన్ ఆపి, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టు. అది కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది, అంత చోటు ఉండాలి. అలా చల్లబడింది అంటే బండి తీయాల్సిన టైమే అనుకో.

నువ్వు కొన్న పంజరానికి అడుగున ఇనుప జాలీ ఉంది. దాన్ని ఈ వారమే మార్చు. కుక్కకీ పిల్లికీ పాదం కింద మెత్తలుంటాయి, కుందేలుకి ఉండవు, ఉన్నది వెంట్రుకలే. జాలీ మీద కూర్చుని కూర్చుని వెనక మడమలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. మొన్న వీడియో కాల్‌లో మల్లి వెనక కాలు ఎత్తి ఎత్తి పెడుతోంది, నాకు అదే అనుమానం. పాదం తిప్పి చూడు, వెంట్రుకలు ఊడి ఎర్రగా ఉంటే మొదలైనట్టే. ఎన్ని మందులు పోసినా కింద జాలీ ఉన్నంతకాలం తగ్గదు. పాత జంపఖానా మడతపెట్టి పరిచి, పైన ఎండుగడ్డి వెయ్యి. మీ హాల్లో నున్నటి టైల్స్ మీద కూడా అది జారుతుంది. జారినప్పుడల్లా తుంటి కీళ్ళు లాగేస్తాయి. నడిచే దారిలో గోనెపట్టాలు వేసినా చాలు.

చెవులు పట్టుకుని ఎత్తనివ్వకు, ఎవరినీ. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద. వెనక కాళ్ళకి ఊతం లేకుండా గాల్లో తన్నుకుంటే దాని వెన్ను దాని తన్నుకే విరుగుతుంది. అలా విరిగిన కుందేళ్ళని నేను చూశాను, చేయగలిగింది ఏమీ ఉండదు. బాబు వీడియోల్లో చూసి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమురుతున్నాడని చెప్పావు. అది హాయిగా నిద్రపోవడం కాదు. నక్క నోట చిక్కినప్పుడు చచ్చినట్టు బిగుసుకుపోతుందే, ఆ భయం. నొప్పితో ఉన్న జంతువుని అలా అస్సలు చేయొద్దని వాడికి నెమ్మదిగా చెప్పు. తెలియక చేశాడు, కోప్పడకు.

పక్కింటివాళ్ళ గినీ పిగ్ కుంటుతోందని, నొప్పికి చుక్కలు అడుగుతున్నారని అన్నావు కదా. వాళ్ళని ముందు అది ఏం తింటోందో చెప్పమను. మనలాగే గినీ పిగ్ ఒంట్లో విటమిన్ సి తయారవదు. కుందేలు గుళికలూ గడ్డీ తప్ప ఇంకేం పెట్టకపోతే కొన్ని వారాల్లో కీళ్ళు వాచి, చిగుళ్ళు రక్తం కారి, ముట్టుకుంటే కీచుమంటుంది. దానికి నొప్పి మందు మాత్రమే పోస్తే మూల జబ్బు అలాగే ఉంటుంది. రోజూ ఒక క్యాప్సికమ్ ముక్క, కొత్తిమీర, చిన్న జామకాయ ముక్క పెట్టమను, డాక్టరుకి చూపించి విటమిన్ చుక్కల మోతాదు రాయించుకోమను. నీళ్ళలో కలిపితే ఆ విటమిన్ గంటల్లో చెడిపోతుంది, నేరుగా నోట్లో పోయడమే మేలు.

హ్యామ్‌స్టర్, తెల్ల ఎలుకల్లాంటివాటికి బరువే పెద్ద చిక్కు. మరుగుజ్జు హ్యామ్‌స్టర్ నలభై గ్రాములుంటుంది. మందులో ఒక్క చుక్క ఎక్కువైనా మోతాదు రెట్టింపు అయిపోతుంది. వాటికి డాక్టరు మందుని పలచన చేసి ఇవ్వాలి. తెల్ల ఎలుక కళ్ళచుట్టూ ముక్కుచుట్టూ ఎర్రగా రక్తంలా కనబడితే భయపడకు, అది రక్తం కాదు, కన్నీటిలోని రంగు. కానీ నొప్పో బాధో ఉంటేనే అలా ఎక్కువగా కారుతుంది, చూపించాలి.

ఇంకొకటి రాయడం కష్టమే, అయినా రాస్తున్నాను. చుక్క తొమ్మిదేళ్ళు బతికింది. చివరి సంవత్సరం కీళ్ళ నొప్పులకి రోజూ మెలాక్సికామ్ పోసేదాన్ని, మూడు నెలలకొకసారి మూత్రపిండాల పరీక్ష చేయించేదాన్ని. ఒక పుస్తకంలో రోజూ మూడే రాసేదాన్ని. తిన్నదా, తనంతట తాను లేచి నా దగ్గరికి వచ్చిందా, ఒళ్ళు నాక్కుందా. చాలాకాలం మూడింటికీ అవును అని రాశాను. తర్వాత రెండు, తర్వాత ఒకటి. వరసగా వారం రోజులు మూడింటికీ కాదు అని రాశాక, మందు పెంచినా మార్పు లేదని డాక్టరు చెప్పాక, నిద్రపుచ్చమన్నాను. ముందు మత్తు ఇచ్చి, అది పూర్తిగా నిద్రలోకి వెళ్ళాక రెండో సూది వేశారు. నా ఒళ్ళోనే ఉంది. నీకు ఇప్పుడు దీని అవసరం లేదు, మల్లికి ఇంకా రెండేళ్ళే. కానీ పుస్తకం మాత్రం ఇవాళే మొదలుపెట్టు, మూడు ప్రశ్నలూ రాయి, పక్కన బరువు కూడా. ఎందుకంటే తేడా కళ్ళకి కనిపించేలోపే తూకంలో తెలుస్తుంది. వంటింట్లో నువ్వు పిండి తూచే మెషిన్ చాలు, పైన ప్లాస్టిక్ బుట్ట పెట్టి సున్నా చేసి కూర్చోబెట్టు.

డాక్టరు రాసిన మందు ఐదు రోజులకని చెప్పావు. మూడో రోజుకి గంతులేస్తోందని ఆపేయకు. తింటోందంటే అది మందు చేయిస్తున్న పని, లోపల ఇంకా మానాలి.

వచ్చే ఆదివారం మీ మావయ్య హైదరాబాద్ వస్తున్నారు. ఆరబెట్టిన గరిక ఒక గోనెసంచి నిండా పంపిస్తున్నాను, చుక్కకి వాడిన జంపఖానా కూడా ఉతికి పెట్టాను. రేపు పొద్దున మందు పోసే ముందు మల్లిని తూచి, బరువు ఎంతుందో, రాత్రి పెంటికలు ఎలా ఉన్నాయో నాకు ఫోన్ చేసి చెప్పు. ఆరింటికే లేచి ఉంటాను.

మీ అత్తయ్య